ముట్టకుండా చూసే పెట్టె



పోయిన భాగంలో హాస్టళ్ల గురించి రాస్తూ, ఈసారి గ్రంథాలయాల సంగతి చూద్దామన్నాను. మాట తప్పుతున్నాను. మధ్యలో మా ఇంటికి ఒక పెట్టె వచ్చింది. దాని గురించి రాయకుండా ఇంకోటి రాయబుద్ధి కావడం లేదు.

డాలస్‌లో ఉండే మా పిన్ని కొడుకు పంపాడు. అరచేయంత తెల్లటి పెట్టె. గోడకు బిగించాలి, ప్లగ్ పెట్టాలి, వైఫై కలపాలి. అంతే. ఆ గదిలో పడుకున్న మనిషి ఊపిరి ఎలా తీస్తోంది, గుండె ఎలా కొట్టుకుంటోంది, రాత్రి ఎన్నిసార్లు లేచింది, ఎక్కడన్నా పడిపోయిందా, అన్నీ వాడి ఫోన్‌కి వెళ్తాయి. చేతికి ఏమీ కట్టక్కర్లేదు. ఛాతీకి ఏమీ అంటించక్కర్లేదు. కెమెరా కూడా లేదు. అట్టపెట్టె మీద ఇంగ్లీషులో పెద్ద అక్షరాలతో రాసి ఉన్నదాన్ని తెలుగులోకి తెస్తే ఇంతే: ‘ఏదీ మిమ్మల్ని తాకదు.’

మా అమ్మమ్మకు ఎనభై దాటాయి. ప్రకాశం జిల్లాలో, పల్లెలో, మా అమ్మ దగ్గర ఉంటుంది. నేను ఉద్యోగం చేసే ఊరి నుంచి ఆదివారాలు వెళ్లి వస్తుంటాను. పెట్టె విప్పుతుంటే పక్కనే కూర్చుని చూస్తోంది.

“ఏందమ్మాయ్ అది?”

“నిన్ను ముట్టుకోకుండానే నీ గుండె, నీ ఊపిరి చూసే మిషను అమ్మమ్మా.”

చాలాసేపు నవ్వింది. పళ్లు లేని నోటికి కొంగు అడ్డం పెట్టుకుని మరీ నవ్వింది. “ముట్టుకోకుండా చూసేవోళ్లు నాకు కొత్తంటే? నా వయసంతా ఆళ్ల కాడే గదా చూపించుకుంది.”

ఆమె నవ్వేసి లేచి వెళ్లిపోయింది. నేను మాత్రం ఆ పెట్టెను చేతిలో పట్టుకుని అక్కడే ఉండిపోయాను.

ముందు ఈ యంత్రం ఏం చేస్తుందో అర్థం చేసుకుందాం. తెలియనిదాన్ని తిట్టడం మనకు తగదు. మనిషి ఊపిరి తీసినప్పుడు ఛాతీ కొన్ని మిల్లీమీటర్లు పైకి లేస్తుంది. గుండె కొట్టుకున్నప్పుడు కూడా చర్మం కదులుతుంది గానీ అది అర మిల్లీమీటరు కూడా ఉండదు. గోడ మీది పెట్టె రేడియో తరంగాలను పంపుతుంది. అవి ఒంటికి తగిలి వెనక్కి వస్తాయి. వచ్చిన తరంగంలోని తేడాను బట్టి ఆ చిన్న కదలికను లెక్క కడుతుంది. ఇది రాడార్. విమానాలను కనిపెట్టడానికి పుట్టిన విద్య ఇప్పుడు ముసలమ్మ ఊపిరి దగ్గరికి వచ్చింది. అమెరికాలో ఎంఐటీలో దీనా కటాబీ అనే ప్రొఫెసర్ బృందం పదేళ్ల కిందటే వైర్‌లెస్ తరంగాలతో గది అవతల ఉన్న మనిషి శ్వాసను, గుండె వేగాన్ని పట్టుకుని చూపించింది. 2021లో గూగుల్ మంచం పక్కన పెట్టుకునే తన స్క్రీన్‌లో చిన్న రాడార్ చిప్ పెట్టి నిద్రను కొలవడం మొదలుపెట్టింది.

ఇంకో పద్ధతి పరుపు కింద షీటు. గుండె రక్తాన్ని తోసిన ప్రతిసారీ ఒళ్లంతా కంటికి కనిపించనంత చిన్నగా అదురుతుంది. ఆ అదురును పరుపు కింది షీటు పట్టుకుంటుంది. బెంగళూరుకు చెందిన డోజీ అనే కంపెనీది ఈ దారే. కోవిడ్ రోజుల్లో ఆసుపత్రి వార్డుల్లో కూడా వాడారు. మూడోది కెమెరా. గుండె కొట్టుకున్నప్పుడల్లా ముఖం రంగు మన కంటికి అందనంత స్వల్పంగా మారుతుంది. మామూలు కెమెరాతో, మామూలు వెలుతురులో దాన్ని చదవొచ్చని 2008లో ఒక పరిశోధన చూపించింది. ఇవాళ ముఖం చూసి బీపీ చెప్తామనే ఫోన్ యాప్‌ల దాకా వచ్చింది కథ.

నేను యంత్రాలకు వ్యతిరేకిని కాదు. మనలో చాలామంది బతికి బట్టకట్టింది యంత్రాల వల్లే. పల్లెకు మోటారు పంపు వచ్చాక, బావి దగ్గర ఎవరో దయతలచి పైనుంచి నీళ్లు పోస్తే దోసిలి పట్టే అవసరం పోయింది. ముసలితనంలో ఒంటరిగా ఉన్న మనిషి రాత్రి బాత్రూంలో పడిపోయి తెల్లారేదాకా అక్కడే పడి ఉండటం ఎంత ఘోరమో చూసినవాళ్లకు తెలుసు. మతిమరుపు జబ్బు ఉన్నవాళ్లు చేతి గడియారాన్ని పీకి పారేస్తారు. పలచబడిన చర్మానికి అంటించిన పట్టీలు తీస్తుంటే చర్మమూ లేచి వస్తుంది. అలాంటివాళ్లకు ముట్టని యంత్రం మేలే.

ఇంకో మాట కూడా చెప్పాలి. దూరం ప్రతిసారీ అవమానం కాదు. స్టెతస్కోప్ ఎలా పుట్టిందో చూడండి. 1816లో పారిస్‌లో లెనెక్ అనే డాక్టరు ఒక యువతి గుండె చప్పుడు వినాల్సి వచ్చింది. ఆ రోజుల్లో రోగి ఛాతీకి చెవి ఆనించి వినేవాళ్లు. ఆయన మొహమాటపడి, కాగితాన్ని గొట్టంలా చుట్టి దాని గుండా విన్నాడు. అప్పుడు ఇంకా బాగా వినిపించింది. అక్కడ ఆ జానెడు దూరం ఆడమనిషి పట్ల మర్యాద. అదే జానెడు దూరం మన దేశంలో ఇంకొకరి విషయంలో ఏమైందో అంబేడ్కర్ రాశాడు.

‘వెయిటింగ్ ఫర్ ఎ వీసా’ చదవని విద్యార్థులు ఈ వారం చదవండి. చిన్న పుస్తకమే. అందులో బాబాసాహెబ్ ఒక ఉత్తరాన్ని ఉదహరిస్తాడు. అది 1929 డిసెంబర్ 12 నాటి ‘యంగ్ ఇండియా’లో అచ్చయింది. కాఠియావాడ్‌లో ఒక దళిత ఉపాధ్యాయుడి భార్య ప్రసవించింది. రెండు రోజులకు జబ్బు చేసింది. ఊపిరి ఆడటం లేదు. డాక్టరు దళితవాడకు రానన్నాడు. ఆ ఉపాధ్యాయుడు ఊరి పెద్దల కాళ్లావేళ్లా పడ్డాడు. రెండు రూపాయల ఫీజుకు పెద్దమనిషి ఒకరు హామీ ఉన్నాక డాక్టరు ఒక షరతు మీద వచ్చాడు. వాడలోకి అడుగుపెట్టడు. రోగినే వాడ బయటికి తేవాలి. పచ్చి బాలింతను, పసిగుడ్డుతో సహా బయటికి మోసుకొచ్చారు. డాక్టరు థర్మామీటర్‌ను ఒక ముస్లిం చేతికిచ్చాడు. ఆయన భర్తకిచ్చాడు. భర్త భార్యకు పెట్టాడు. అదే వరుసలో వెనక్కి వెళ్లింది. రాత్రి ఎనిమిది గంటలప్పుడు దీపం వెలుతురులో ఆ గాజుగొట్టాన్ని చూసి డాక్టరు న్యుమోనియా అని చెప్పి వెళ్లిపోయాడు. మందు పంపాడు. మళ్లీ చూడటానికి రానేలేదు. ఆమె చచ్చిపోయింది.

ఈ కథను నేను తరగతిలో చాలాసార్లు చెప్పాను. ప్రతిసారీ పిల్లలు డాక్టర్ని తిడతారు. ఆ పెట్టె వచ్చాక మళ్లీ చదివితే నాకు వేరేది కనిపించింది. ఆ రాత్రి అక్కడ పరికరం ఉంది. పరికరం తన పని తాను సరిగ్గానే చేసింది. జ్వరం ఎంతో చూపించింది. జబ్బు పేరు కూడా తెలిసింది. సమాచారం ఎక్కడా తప్పిపోలేదు. ఆ తల్లి ఛాతీ మీద చెయ్యి వేసినవాడు, వీపు తట్టి విన్నవాడు, తెల్లారి మళ్లీ వచ్చినవాడు మాత్రం లేడు. ముట్టకుండా చూసే వైద్యం మన దేశంలో ఏనాడో మొదలైందని మా అమ్మమ్మ నవ్వింది అందుకే.

అది ఎప్పటి మాటో అనకండి. 11 రాష్ట్రాల్లో 565 గ్రామాలు తిరిగి గ్రామీణ భారతంలో అంటరానితనం మీద చేసిన అధ్యయనం 2006లో పుస్తకంగా వచ్చింది. ఆంధ్రప్రదేశ్ కూడా అందులో ఉంది. మూడింట ఒక వంతు గ్రామాల్లో ప్రభుత్వ ఆరోగ్య కార్యకర్తలు దళితుల ఇళ్లలోకి అడుగుపెట్టడం లేదని ఆ అధ్యయనం తేల్చింది. ఆ తర్వాత సంఘమిత్ర ఆచార్య గుజరాత్, రాజస్థాన్ పల్లెల్లో దళిత పిల్లలకు వైద్యం ఎలా అందుతోందో పరిశీలించారు. ఆమె వివక్షను కొలిచిన అంశాల్లో ముట్టుకోవడం ఒకటి. మాత్ర చేతిలో పెడుతున్నారా, పైనుంచి వదులుతున్నారా? ఒంటి మీద చెయ్యి వేసి చూస్తున్నారా, గడప అవతల నిలబడి అడుగుతున్నారా? మనకు ఇవి పరిశోధన ప్రశ్నలు కావు. మన అమ్మలు చెప్పే మామూలు కబుర్లు.

ఇక్కడ తెలుగు మాస్టారి చాదస్తం కాస్త భరించండి. ‘అంటు’ అనే మాట చూడండి. అంటువ్యాధిలో ఉన్నది అదే. ఎంగిలి గిన్నెలను అంట్లు అంటాం. మామిడికి అంటు కడతాం. పండగ పూట తల్లి బిడ్డ తలకు నూనె పెట్టి రుద్దితే అది తలంటు. ఒకే ధాతువులో రోగమూ ఉంది, ప్రేమా ఉంది, కొత్త చెట్టూ ఉంది. ఆ మాటకు ‘రాని’ తగిలించి మనకు పేరు పెట్టారు. ఇంకో మాట హస్తవాసి. ఫలానా డాక్టరు హస్తవాసి మంచిదంటారు. మందు అదే అయినా ఆయన చేత్తో ఇస్తే తగ్గుతుందని నమ్మకం. శాస్త్రం ఒప్పుకోకపోవచ్చు. కానీ వైద్యం చేతిలో ఉంటుందని అనుకున్న భాష మనది. ఒళ్లు కాలిపోతోందని తెలిసేది నుదుటి మీద చెయ్యి వేస్తేనే. మా అమ్మమ్మ ఇప్పటికీ ఒంగోలు మిషన్ ఆసుపత్రిలో తన చెయ్యి పట్టుకున్న నర్సమ్మ గురించి చెప్తుంది. ఏ జబ్బుకు వెళ్లిందో మర్చిపోయింది. చెయ్యి పట్టుకున్నది మాత్రం మర్చిపోలేదు.

ఇక మా ఇంటి సంగతి.

అమ్మమ్మకు షుగర్ వచ్చి చాలా ఏళ్లయింది. మూడేళ్ల కిందట దగ్గరి పట్నంలో ఒక ప్రైవేటు ఆసుపత్రికి తీసుకెళ్లడం మొదలుపెట్టాం. పేరు అనవసరం. ఏసీ గది, గోడకు టీవీ, కంప్యూటర్ వెనక డాక్టరు. రక్తం కింద తీసుకుంటారు, రిపోర్టు పైన స్క్రీన్ మీద వస్తుంది. నాలుగుసార్లు వెళ్లాం. నాలుగుసార్లూ ఆయన స్క్రీన్ చూసి మాత్రలు మార్చాడు. ఒక్కసారి కూడా ఆమె వైపు వంగలేదు. ఆయన మా కులం తెలిసి ముట్టుకోలేదని నేను అనను. వరసలో కూర్చున్న ఎవరినీ ముట్టుకోలేదు. బయటికి వచ్చాక ఆటోలో అమ్మమ్మ అడిగింది: “ఈయన కూడా మనల్ని ముట్టుకోడా?” అందరినీ అట్టాగే చూస్తున్నాడని చెప్పాను. నమ్మలేదు. ఎనభై ఏళ్ల అనుభవాన్ని ఏసీ గది కొట్టేస్తుందా?

ఆ ఏడాది క్రిస్మస్ ముందు రోజు మా అమ్మ ఆమెకు తలంటు పోసింది. కాళ్లు కడుగుతుంటే ఎడమ పాదం వేళ్ల సందులో పుండు కనిపించింది. నల్లబడి ఉంది. అమ్మమ్మకు నొప్పే తెలియలేదు. షుగర్‌కు పాదాల నరాలు ఎప్పుడో మొద్దుబారాయి. రెండు వేళ్లు తీసేశారు.

పాదంలో స్పర్శ ఉందో లేదో చూడటానికి పెద్ద యంత్రాలు అక్కర్లేదు. సన్నటి నైలాన్ పోగు ఒకటి ఉంటుంది. పాదానికి ఆనించి నొక్కితే 10 గ్రాముల ఒత్తిడి దగ్గర వంగుతుంది. కళ్లు మూసుకున్న మనిషికి అది తగిలినట్టు తెలిస్తే సరే, తెలియకపోతే ప్రమాదం. కొన్ని నిమిషాల పని. చెప్పు విప్పమనాలి. పాదం చేతిలోకి తీసుకోవాలి. వేళ్లు విడదీసి సందుల్లో చూడాలి. నాలుగు రాకపోకల్లో ఎవరూ చేయనిది ఇదే. కాళ్లు వాచాయా అని వేలితో నొక్కితే గుంట పడుతుందో లేదో చూడటం, కడుపు తడిమి గడ్డ ఉందేమో చూడటం, చర్మం చిటికెడు పట్టుకుని ఒంట్లో నీరు తగ్గిందా అని చూడటం, ఇవన్నీ చేతి పనులు. గోడ మీది పెట్టె ఊపిరిని లెక్కపెడుతుంది. వేళ్ల సందులో పుండును చూడదు. ఆ డిసెంబర్‌లో ఈ పెట్టె మా ఇంట్లో ఉన్నా డాలస్‌కి రోజూ ‘అంతా బాగుంది’ అనే వెళ్లేది. ఊపిరి బాగానే ఉంది, గుండె బాగానే ఉంది మరి.

ఈ యంత్రాలు ఎలాంటి ఇంటిని ఊహించుకుని తయారయ్యాయో కూడా చూడాలి. పరుపు కింద షీటుకు ముందు పరుపుండాలి. మా అమ్మమ్మ పడుకునేది నులక మంచం మీద, పాత చీరలు కుట్టిన బొంత వేసుకుని. ఎండాకాలం ఆ మంచం వాకిట్లో ఉంటుంది. ఇంకా ముఖ్యమైనది, ఆమె ఒక్కతే పడుకోదు. మా చెల్లెలి కూతురు ఆమె పొట్ట మీద కాలేసి పడుకుంటుంది. ఒక మంచం మీద రెండు గుండెలు. ఇలాంటి పరికరాల్లో చాలావాటికి ఒక మంచానికి ఒకే మనిషి లెక్క. ఒక మనిషికి ఒక గది, గదికి తలుపు, ఇంటికి ఆగని కరెంటు, తెగని వైఫై. ఇందులో ఒకటి తప్పినా లెక్క తప్పుతుంది. అప్పుడు ఏం చేయాలో అట్టపెట్టెలో వచ్చిన కాగితంలో రాసి ఉంది. రోగి గదిలో ఇతరులు ఉండకుండా చూసుకోవాలట. పిల్లను తీసి వేరే పడుకోబెడితే అమ్మమ్మకు నిద్ర పట్టదు. నిద్ర పట్టలేదని యంత్రం డాలస్‌కి చెప్తుంది.

చర్మం సంగతి ఇంకా లోతైనది. కోవిడ్‌లో మనమంతా వేలికి పెట్టుకున్న ఆక్సీమీటర్ గుర్తుందా? అది వెలుతురును చర్మం గుండా పంపి ఆక్సిజన్ లెక్క కడుతుంది. 2020 డిసెంబర్‌లో మిషిగన్ విశ్వవిద్యాలయం డాక్టర్లు న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఒక విషయం బయటపెట్టారు. ఆక్సీమీటర్ 92 నుంచి 96 మధ్య చూపించినప్పుడు, అంటే ఫరవాలేదని చెప్పినప్పుడు, నేరుగా రక్తం తీసి పరీక్షిస్తే నల్లజాతి రోగుల్లో 11.7 శాతం మందికి ఆక్సిజన్ 88 కన్నా తక్కువ ఉంది. తెల్లవారిలో అలాంటివారు 3.6 శాతం. మూడు రెట్ల తేడా. నల్ల చర్మంలోని మెలనిన్ వెలుతురును పీల్చుకుంటుంది. ఆ పరికరం ఆసుపత్రుల్లో దశాబ్దాలుగా వాడుతున్నదే. ఆ తర్వాత, 2025 జనవరిలో అమెరికా ఎఫ్‌డీఏ ఇలాంటి పరికరాలను అన్ని చర్మపు రంగుల మీదా ఎక్కువమందిని పెట్టి పరీక్షించాలని ముసాయిదా నిబంధనలు తెచ్చింది. అక్కడ నల్లజాతి వాళ్లు అడిగారు, డాక్టర్లు లెక్క తీశారు, ప్రభుత్వం కదిలింది. ముఖం చూసి గుండె చదివే కెమెరాలు కూడా వెలుతురు మీదే ఆధారపడతాయి. చర్మం నల్లబడేకొద్దీ వాటి తప్పులు పెరుగుతున్నాయని పరిశోధనలు చెప్తూనే ఉన్నాయి. అరవై ఏళ్లు ఎండలో పొగాకు చేలో వంగిన చర్మం మీద ఈ యాప్‌ను ఎవరు పరీక్షించారు? అడిగే హక్కు మనకుంది. రాడార్‌కు రంగు పట్టింపు లేదన్నది మాత్రం నిజం. ఆ ఒక్క విషయంలో మా ఇంటి పెట్టె మనుషుల కన్నా నయం.

మన వేళ్ల సంగతి మీకు తెలుసు. పింఛను మిషను మీద వేలిముద్ర పడక వెనక్కి వచ్చిన ముసలివాళ్లు మీ వీధిలోనూ ఉంటారు. నాట్లు వేసి, పొగాకు ఆకు గుచ్చి అరిగిపోయిన వేళ్లవి. అక్కడ ముట్టుకునే యంత్రమే మనల్ని గుర్తుపట్టలేదు. ముఖం చూసే మిషను, కన్ను చూసే మిషను వచ్చాక కొందరికి మేలైంది. అందుకే ముట్టుకునేది మంచిది, ముట్టనిది చెడ్డది అని నేను గీత గీయడం లేదు.

ఇంతకీ ముసలితనం ఎవరికి దక్కుతోంది? 2022లో అమెరికా జాతీయ విజ్ఞాన అకాడమీ పత్రికలో వ్యాస్, హాథీ, గుప్తాల పరిశోధన అచ్చయింది. ఉత్తర, తూర్పు భారతంలోని 9 రాష్ట్రాల లెక్క. మన రెండు రాష్ట్రాలూ అందులో లేవు. అగ్రకుల హిందువులతో పోలిస్తే దళితుల ఆయుర్దాయం 3 ఏళ్లకు పైగా తక్కువ, ఆదివాసీలది 4 ఏళ్లకు పైగా తక్కువ. పేదరికం వల్లేనంటారా? ఆర్థిక స్థితిని లెక్కలోకి తీసుకున్నా ఆ తేడాలో సగం కూడా తీరలేదని వాళ్లు తేల్చారు. ముసలివాళ్లను కనిపెట్టుకునే మార్కెట్ దేశంలో పెరుగుతోందని వ్యాపార పత్రికలు సంబరపడుతున్నాయి. ఆ ముసలితనం దాకా రాకుండానే రాలిపోయినవాళ్లు ఆ మార్కెట్ లెక్కలోకి రారు.

ఇక ముట్టుకునేవాళ్ల సంగతి. మా అమ్మమ్మ మంత్రసాని. ఊళ్లో పెద్దిళ్ల పిల్లలు చాలామంది ఈ లోకంలోకి వచ్చి మొదట తాకింది ఆమె చేతుల్నే. బొడ్డు కోసింది, మాయ తీసింది, రక్తం కడిగింది. ఆ మూడు రోజులు ఆమె ఆ ఇంటి పడకగదిలో ఉండొచ్చు. పురిటి స్నానం అయ్యాక మళ్లీ గడప బయటే. మైల పని ఎవరిదో వాళ్లే మైల అన్న లెక్క. ఇవాళ పట్నాల్లో ముసలివాళ్లకు డైపర్లు మార్చేది, ఒళ్లు తుడిచేది, పక్కపుండ్లు రాకుండా రెండు గంటలకోసారి తిప్పి పడుకోబెట్టేది ఎవరు? ఆయాలు, హోమ్ కేర్ అమ్మాయిలు. మన పల్లెల నుంచి పోయినవాళ్లే ఎక్కువ. నా దగ్గర డిగ్రీ చదివి, మధ్యలో మానేసి హైదరాబాద్‌లో ఈ పనికి చేరిన పిల్ల ఒకతి ఫోన్ చేసి చెప్పింది. పన్నెండు గంటల డ్యూటీ. పెద్దాయన ఒళ్లంతా తుడవాలి, వంటగదిలో గ్లాసు మాత్రం ముట్టుకోకూడదు. తన గ్లాసు బాల్కనీలో ఉంటుందట. ఆ ఇంట్లో కూడా గోడకు పెట్టె ఉంది. రాత్రి పెద్దాయన ఎన్నిసార్లు కదిలాడో కొడుక్కి తెలుస్తుంది. ఆయన్ని అన్నిసార్లూ తిప్పింది ఎవరో ఆ గ్రాఫులో ఉండదు.

ముట్టని సాంకేతికత అని అమ్ముతున్నప్పుడు కనిపించకుండా పోయేది ఈ చేతులే. పెట్టె వచ్చింది కదా, రెండో షిఫ్టు అమ్మాయి ఎందుకు అని లెక్కలు మొదలవుతాయి. ప్రభుత్వాలకూ ఈ లెక్క నచ్చుతుంది. ఉపకేంద్రంలో ఖాళీగా ఉన్న ఏఎన్ఎం పోస్టు నింపడం కన్నా ఒక యాప్ ప్రారంభించి ఫొటో దిగడం తేలిక. ఆశా కార్యకర్త ఇంటికి వచ్చి బీపీ చూసి, కాలు చూసి, నాలుగు మాటలు మాట్లాడి వెళ్తుంది. ఆమెకు సరైన జీతం అడగాల్సిన చోట మనకు సెన్సర్లు చూపిస్తారు.

కనిపెట్టుకోవడం అనే మాటలో ఆప్యాయత ఉంది. నిఘాలో లేదు. మనవాళ్లకు ఇప్పటిదాకా యంత్రాలు ఎక్కువగా నిఘాగానే వచ్చాయి. 2023 జనవరి 1 నుంచి ఉపాధి హామీ కూలీలకు యాప్‌లో రోజుకు రెండుసార్లు ఫొటో హాజరు తప్పనిసరి చేశారు. సిగ్నల్ లేకపోతే కూలీ పోయింది. నాగ్‌పూర్, చండీగఢ్‌లలో పారిశుధ్య కార్మికుల చేతులకు జీపీఎస్ గడియారాలు కట్టి ఎక్కడ నిలబడ్డారో చూశారు. డ్రైనేజీలో విషవాయువు ఉందని ముందే హెచ్చరించే యంత్రాన్ని ఆ చేతికి కట్టాలన్న తొందర మాత్రం ఎవరికీ రాలేదు.

ఇంజనీరింగ్, ఎంఎల్‌టీ, నర్సింగ్ చదువుతున్న మన పిల్లలకు ఒక మాట. మీలో కొందరు ఇలాంటి ప్రాజెక్టులే చేస్తున్నారని నాకు తెలుసు. చేయండి. మీరు చేయకపోతే నులక మంచం తెలియనివాళ్లే చేస్తారు. మీ సెన్సర్‌ను ల్యాబులో స్నేహితుడి మీద పరీక్షించి ఊరుకోకండి. మీ ఇంటికి తీసుకెళ్లండి. రేకుల ఇంట్లో, ఫ్యాను గడగడలాడే గదిలో, ముగ్గురు పడుకున్న చోట పెట్టి చూడండి. ఎక్కడ తప్పుతోందో రాయండి. ఆ తప్పుల పట్టిక మీ మార్కుల కన్నా విలువైనది. హెచ్చరిక మోగినప్పుడు అమెరికాలో ఫోన్ మోగడం సరిపోదు, రెండు వీధుల అవతల ఉన్న మనిషి ఎవరో ఒకరు లేచి రావాలి. ఆ మనిషికి జీతం ఎవరిస్తారన్నది కూడా మీ డిజైన్‌లో భాగమే. ఇంకొకటి, ఒప్పుకోలు ముసలివాళ్లది కావాలి. 2023లో డేటా రక్షణ చట్టం వచ్చింది, అందులో సమ్మతి అనే మాట ఉంది. మా ఇంట్లో ఆ సమ్మతి నొక్కింది మా తమ్ముడు, డాలస్‌లో, తన ఫోన్‌లో. అమ్మమ్మ రాత్రి ఎన్నిసార్లు బాత్రూంకి లేస్తుందో అమ్మమ్మను అడక్కుండానే.

అయినా పెట్టె బిగించాం. ఆమెనే అడిగి బిగించాను. ఆమె పెట్టిన షరతు ఒక్కటే. “ఇది పెట్టినాక నువ్వు ఆదివారం రావడం మానెయ్యకూడదు.” మానను అన్నాను.

ఒక సంగతి మాత్రం నేను ఊహించలేదు. ఇదివరకు తమ్ముడు రోజూ పొద్దున్నే, వాడికది రాత్రి, ఫోన్ చేసేవాడు. “అమ్మమ్మ లేచిందా, తిన్నదా” అని. పెట్టె వచ్చిన రెండు వారాలకు ఆ ఫోను వారానికి ఒకసారైంది. వాడి తప్పు కాదు. లేచిందని వాడికి తెలుస్తూనే ఉంది. అమ్మమ్మకు మాత్రం వాడు లేచాడో లేదో తెలియడం లేదు. మొదట ఆ పెట్టె మీద తువ్వాలు కప్పి చూసింది. రాడార్‌కు తువ్వాలు అడ్డం కాదు. ఫోను రాలేదు.

మొన్న ఆదివారం నేను వెళ్లేసరికి ప్లగ్ ఊడి ఉంది. పిల్ల పీకిందేమో అనుకుని పెట్టబోయాను. అమ్మమ్మ నా చెయ్యి పట్టుకుని ఆపింది. ఇంకాసేపు ఆగమని, మంచం మీద ఫోను పక్కన పెట్టుకుని కూర్చుంది. గంట గడిచిందో లేదో, డాలస్ నుంచి ఫోను మోగింది.

జై భీమ్.